చూసిన ముఖం

"వాడే. నన్ను కొట్టింది వాడే. ఇందులో అనుమానానికి తావే లేదు."

ప్రొఫెసర్ తలకి కట్టుంది, ముక్కు మీద ప్లాస్టరుంది, చేతికి సెలైన్ సూది ఉంది. గొంతులో మాత్రం నీరసం లేదు. నలభై ఏళ్ళపాటు చివరి బెంచీ దాకా వినిపించిన గొంతు అది. ఆసుపత్రి మంచం మీద కూడా పాఠం చెబుతున్నట్టే పలికింది.

మంచానికి అటువైపు నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ మీసాల చాటున నవ్వుకున్నాడు.

"విన్నారుగా వదినగారూ? ఇంకేం కావాలి?"

ఇటువైపున్న ప్రైవేటు డిటెక్టివ్ ప్రొఫెసర్ ముఖంలోకే చూస్తోంది. ఇన్‌స్పెక్టర్ ఆమె సొంత చెల్లెలి మొగుడు. ఇంట్లో ఆమె కూర్చోమంటే కూర్చుంటాడు, లేవమంటే లేస్తాడు. ఒంటిమీద యూనిఫాం పడిందంటే మాత్రం ఆ లెక్కంతా సరిచేసుకుంటాడు.

నాలుగు రోజుల క్రితం మధ్యాహ్నం, ప్రొఫెసర్ నడిపే మనస్తత్వ పరిశోధన కేంద్రంలో, ఇంటర్వ్యూలు తీసుకునే గదిలో ఎవరో ఆయన తల వెనక ఇనప స్టాండుతో కొట్టారు. టేపురికార్డరు పెట్టుకునే స్టాండది. ఆయన్ని మొదట చూసిందీ, అంబులెన్సు పిలిచిందీ ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న విద్యార్థి. విద్యార్థి అన్నమాటే గాని వయసు నలభై నాలుగు. ఇరవై ఏళ్ళు లిఫ్టులు రిపేరు చేసి, కూతురు కాలేజీలో చేరిన మరుసటి ఏడాది తనూ పుస్తకాలు పట్టాడు. తోటి పిల్లలు అతన్ని "బాబాయ్" అంటారు. ఇప్పుడు పోలీసులూ అలాగే అంటున్నారు, కాకపోతే పిలుపులో ముద్దు లేదు.

స్టాండు మీద బాబాయ్ వేలిముద్రలు. చొక్కా మీద ప్రొఫెసర్ రక్తం. ముందురోజు ఇద్దరూ గట్టిగా అరుచుకోవడం వరండాలో అందరూ విన్నారు. వీటన్నిటి పైన, జ్ఞాపకశక్తి గురించి ఇంత పరిశోధన చేసిన పెద్దమనిషే వాడి ముఖం చూశానంటున్నాడు. సాయంత్రం ఐదింటికి బాబాయ్ స్టేషన్లో హాజరు కావాలి. అరెస్టు కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. నిన్న అతని కూతురు వచ్చి, ఈ కేసు చూడమని డిటెక్టివ్ చెయ్యి పట్టుకుని వదల్లేదు. "మా నాన్న చదువుకోవడానికే పుట్టాడు మేడమ్. ఆ సంగతి ఆయనకి నలభై ఏళ్ళకి తెలిసింది, అంతే" అంది.

డిటెక్టివ్ కుర్చీ మంచం దగ్గరికి లాక్కుంది.

"ప్రొఫెసర్ గారూ, మీ పద్ధతిలోనే ఒక ప్రశ్న అడగనా?"

ఆయన కళ్ళు మెరిశాయి. "నా పద్ధతి తెలుసా మీకు?"

"రాత్రంతా మీ పుస్తకమే చదివాను. పాతికేళ్ళ వయసున్న అరవైమందిని పోగుచేశారు. జీవితం మలుపు తిరిగిన రోజు గురించి చెప్పమన్నారు. పదేళ్ళకోసారి మళ్ళీ పిలిచి అదే రోజు గురించి మళ్ళీ చెప్పించుకున్నారు."

"ప్రతిసారీ వేరేగా చెప్పారు!" ప్రొఫెసర్ లేవబోయాడు, నర్సు భుజం నొక్కింది. "ఒకామెని చిన్నప్పుడు వాళ్ళమ్మ వానలో బయట నిలబెట్టింది. పాతికేళ్ళప్పుడు చెప్పినప్పుడు ఆ అమ్మ రాక్షసి. నలభై అయిదొచ్చేసరికి, అమ్మ కిటికీ దగ్గర నిలబడి ఏడుస్తూ చూస్తోందని చెప్పింది. అబద్ధం కాదండీ. మనిషి ఎదిగితే జ్ఞాపకం చిన్నప్పటి చొక్కాలా పొట్టిగా ఉండిపోదు. అదీ ఎదుగుతుంది."

"మరి ఏది నిజమో ఎలా పట్టుకుంటారు?"

"ఎవరు, ఎందుకు అని అడగను. చుట్టూ ఏముందని అడుగుతాను. ముఖాన్ని మనసు ఎక్కడినుంచైనా పట్టుకొచ్చి అతికిస్తుంది. పక్కనున్న చిల్లర వస్తువుల మీద దానికంత శ్రద్ధ ఉండదు. వాటిని ముట్టుకోదు."

"అయితే చెప్పండి. మీరు చూసిన బాబాయ్ ముఖం వెనక ఏముంది?"

ప్రొఫెసర్ కళ్ళు మూసుకున్నాడు. "ముఖం దగ్గరగా ఉంది. పెదాలు కదులుతున్నాయి, కోపంగా. వెనక... రెక్కలు. ఫ్యాను రెక్కలు. తిరుగుతున్నాయి."

ఇన్‌స్పెక్టర్ ఆవలించాడు. "సరిపోయింది. ఫ్యాన్ని కూడా సాక్ష్యానికి పిలుద్దామా?"

"పిలుద్దాం మరిదిగారూ. పదండి, దాన్నీ చూసొద్దాం."

* * *

పరిశోధన కేంద్రం తలుపు తాళం తీసింది ప్రొఫెసర్ తర్వాత అంతటివాడు. ఇరవై రెండేళ్ళుగా ఆయన వెంటే ఉన్నాడు. అందరూ ఆయన్ని "కుడిభుజం" అంటారు, ఆయనా ఆ పేరుకి పొంగిపోతాడు. పలచటి మనిషి, మెత్తటి మాట. ఆసుపత్రికీ ఆఫీసుకీ తిరిగి తిరిగి కళ్ళ కింద నల్లటి చారలు పడ్డాయి.

"బాబాయ్‌ని పిలిపించానండీ, లోపలే ఉన్నాడు. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు" అన్నాడు.

ఇంటర్వ్యూ గది చిన్నది. ఎదురెదురుగా రెండు కుర్చీలు, మధ్య బల్ల, గోడకి టేపులు పేర్చిన ఇనప బీరువా. బయటి చప్పుడు రాకుండా కిటికీలకి మందపాటి బట్ట బిగించారు. తలుపు పక్కన స్విచ్చుబోర్డు, దాని పైన ప్రొఫెసర్ దస్తూరీతో అట్టముక్క: "ఈ గదిలో ఫ్యాను వేయరాదు."

డిటెక్టివ్ స్విచ్చు నొక్కింది. ఫ్యాను ముసలి తలుపులా కిర్రుకిర్రుమంటూ కదిలింది. ఆ చప్పుడులో చిన్న శబ్దమేదీ వినబడేట్టు లేదు.

"రికార్డింగులో ఇదే పడుతుంది మేడమ్" అన్నాడు మూలనున్న బాబాయ్. పొడుగాటి మనిషి, భుజాలు ముడుచుకుని నిలబడ్డాడు. "ఈ ఫ్యానంటే సార్‌కి ఒళ్ళుమంట. నేను బాగుచేస్తానన్నా వద్దన్నారు. బాగుపడితే ఎవడో ఒకడు వేస్తాడని."

"ఆ రోజు ఏం జరిగిందో చెప్పు. తొందర లేదు."

"సార్ దగ్గరికి క్షమాపణ అడుగుదామని వచ్చానండీ. తలుపు దగ్గరగా వేసుంది. తోశాను. సార్ బీరువా ముందు బోర్లా పడున్నారు. స్టాండు అడ్డంగా ఉంటే పక్కకి లాగాను. ఆయన్ని వెల్లకిలా తిప్పాను. గదిలో ఉక్కగా ఉంది, ఊపిరాడుతోందో లేదో తెలీలేదు. ఫ్యాను వేశాను. తర్వాత ఆయన తల ఒళ్ళో పెట్టుకుని 'సార్, సార్, కళ్ళు తెరవండి' అని..." అతను మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"ముందురోజు గొడవ దేనికి?"

బాబాయ్ తల వంచుకున్నాడు. "నా థీసిస్ ఈ నెల్లో ఇచ్చేయాలి. పాత ఇంటర్వ్యూల్లో ఏవో తేడాలున్నాయి, అన్నీ మళ్ళీ సరిచూడాలి, ఇంకో ఏడాది పడుతుందన్నారు. నాకేమైనా పాతికేళ్ళా సార్ అని అరిచాను. తప్పే. ఇంటికెళ్ళాక మా అమ్మాయి చివాట్లు పెట్టింది. అది నాకంటే సీనియర్ కదండీ, దానికి నోరెక్కువ."

అంత దుఃఖంలోనూ ఆ మాటకి గదిలో అందరి ముఖాలూ కాస్త విచ్చుకున్నాయి.

"పాత టేపులు కదా, తేడాలుంటాయి" అన్నాడు కుడిభుజం జాలిగా. "సార్‌కి అన్నీ అనుమానాలే ఈమధ్య. వయసు."

డిటెక్టివ్ బీరువా ముందు నిలబడి తలుపు వైపు తిరిగింది. వెంట వచ్చిన కానిస్టేబుల్‌ని ఎదురుగా నిలబెట్టి చూసింది. అతని ముఖం వెనక గోడ కనిపించింది, గోడకి క్యాలెండరు కనిపించింది. పక్కకి జరిపి చూసింది. తలుపు. ఎటు తిప్పినా ఫ్యాను కనబడలేదు. అప్పుడామె చీరకొంగు నడుముకి బిగించి నేలమీద వెల్లకిలా పడుకుంది.

"ఏంటి వదినా, నిద్రొస్తోందా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. కంగారులో 'గారు' జారిపోయింది.

"బాబాయ్, ఆ రోజు వంగినట్టు నా మీదకి వంగు."

బాబాయ్ మోకాళ్ళ మీద కూర్చుని, బిడియపడుతూ వంగాడు. అతని ముఖం చుట్టూ ఫ్యాను రెక్కలు తిరుగుతున్నాయి, అచ్చం ప్రొఫెసర్ చెప్పినట్టే.

డిటెక్టివ్ లేచి చీర దులుపుకుంది. "చూశారా? నిలబడ్డ మనిషికి ఈ దృశ్యం కనబడదు. దెబ్బ తగిలి, కింద పడి, ఎవరో వెల్లకిలా తిప్పాక చూసిన ముఖం ఇది. దెబ్బ తల వెనక తగిలింది, ముక్కు నేలకి కొట్టుకుని చితికింది. బోర్లా పడ్డ మనిషి కొట్టినవాణ్ణి ఎలా చూస్తాడు?"

"కొట్టినవాడే తిప్పి చూసుంటాడు. బతికున్నాడా, పోయాడా అని."

"చూసి, పాపం ఉక్కపోస్తోందేమోనని ఫ్యాను కూడా వేశాడా?"

"ఫ్యాను వాడు వేశాడని ఎవరన్నారు? వాడే! పిల్లికి ఎలుక సాక్ష్యం! అది ముందునుంచే తిరుగుతుండొచ్చు." ఇన్‌స్పెక్టర్ గొంతు పెరిగింది. "జ్ఞాపకాల మీద పుస్తకాలు రాసిన మనిషి వాడే అంటున్నాడు. ఆయన మాట కాదని ఫ్యాను మాట వినమంటారా? మా పైవాళ్ళకి నేనేం చెప్పుకోను? వదిన పడుకుని చూసింది, అందుకే వదిలేశానని చెప్పనా?"

"నీ మొండితనానికి ఒక మనిషి జీవితం బలవుతుంది."

"మీ అనుమానాలకి నా ఉద్యోగం బలవుతుంది!"

ఇద్దరూ కాసేపు ఒకరినొకరు గుర్రుగా చూసుకున్నారు. ముందు ఇన్‌స్పెక్టరే తగ్గాడు. ఎంతైనా రాత్రికి ఇంటికి వెళ్ళాలి.

"సరే. ఐదింటిదాకా టైముంది. ఆ ఫ్యాను ముందు తిరిగిందో తర్వాత తిరిగిందో ఆయన్నే అడగండి. ఆయన నోటితో చెప్తే వింటాను. ఈలోగా వీణ్ణి జీపులో స్టేషనుకి పంపిస్తున్నాను."

బాబాయ్ గేటు వైపు చూశాడు. అక్కడ అతనితో చదివే పిల్లలు గుంపుగా నిలబడి ఉన్నారు, వాళ్ళ మధ్యలో అతని కూతురు.

"జీపులో వద్దండీ" అన్నాడు కుడిభుజం మెల్లగా. "కూతురి ముందు ఎందుకు? నా కారులో తీసుకొస్తాను. ఐదింటికల్లా స్టేషన్లో ఉంటాం. మనవాడేగా."

ఇన్‌స్పెక్టర్ తటపటాయించాడు. డిటెక్టివే కలగజేసుకుంది.

"ఆయనతో వెళ్ళనివ్వు మరిదీ. ఆ పిల్ల చూస్తోంది. ఇంత మర్యాదైనా మిగలనీ."

బాబాయ్ ఆమెకి చేతులు జోడించాడు. కుడిభుజం అతని భుజం మీద చెయ్యి వేసి వెనక గేటు వైపు నడిపించుకు వెళ్ళాడు.

* * *

ప్రొఫెసర్ మెలకువగానే ఉన్నాడు. ఇద్దరినీ చూసి, "మీ ఫ్యాను ఏమంటోంది?" అన్నాడు వేళాకోళంగా.

"మీరు చెబితే గాని మాట్లాడనంటోంది" అంది డిటెక్టివ్. "మళ్ళీ కళ్ళు మూసుకోండి. ముఖాన్ని వదిలేయండి. అంతకుముందు మీరెక్కడున్నారు?"

"బీరువా దగ్గర. టేపులు తీస్తున్నాను."

"చేతికెలా ఉంది?"

"చల్లగా. బీరువా తలుపు చల్లగా ఉంది. మెడకి చెమట పట్టింది. బాగా ఉక్కగా ఉంది."

"ఏం వినబడుతోంది?"

"ఏమీ లేదు. ఆ గదిలో ఏమీ వినబడదు. నా వాచీ చప్పుడు వినబడుతోంది..."

ఆయన ఆగిపోయాడు. కళ్ళు తెరిచాడు. పైకప్పు వైపు చూశాడు. నర్సు నాడి చూడబోతే చెయ్యి లాక్కున్నాడు.

"ఫ్యాను తిరుగుతుంటే వాచీ వినబడదు" అన్నాడు. గొంతులో పాఠం లేదిప్పుడు. "దెబ్బ పడేటప్పటికి ఫ్యాను లేదు. ముఖం వెనక ఉంది. అంటే ఆ ముఖం తర్వాతది. ఎవడో నన్ను తిప్పాక, ఫ్యాను వేశాక... వాడి పెదాలు కదులుతున్నాయన్నాను కదూ? కోపంగా అన్నాను కదూ?"

"అతను 'సార్, కళ్ళు తెరవండి' అంటున్నాడట."

ప్రొఫెసర్ కట్టు కట్టిన తలని దిండుకి అటూ ఇటూ రాసుకున్నాడు.

"నన్ను బతికించడానికి వంగినవాణ్ణి చంపడానికి వంగాడన్నాను. ఒకసారి చూసిన ముఖాన్ని మనసు తప్పు చోట పెట్టేస్తుందని ఏటేటా నేనే పాఠం చెబుతాను. నా దగ్గరికొచ్చేసరికి, నాది మాత్రం ఉన్నదున్నట్టు గుర్తుంటుందనుకున్నాను. ఎంత పొగరండీ!"

"పొగరు కాదు సార్, దెబ్బ" అంది డిటెక్టివ్. ఆయన చేతిమీద చెయ్యి వేసింది. "గాయపడ్డ మనిషికి ఒక ముఖం కావాలి. కనబడ్డది అదొక్కటే."

"అండీ, ఒక మాట" అంది నర్సు సంకోచిస్తూ. "మొదటి రెండు రోజులూ సార్ ఏమీ గుర్తులేదనే అన్నారు. మూడో రోజు ఫోటో చూపించాకే ఆ పేరు చెప్పారు."

డిటెక్టివ్ మెల్లగా మరిది వైపు తిరిగింది. "ఎన్ని ఫోటోలు చూపించావ్?"

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "ఒకటే. అనుమానం వాడొక్కడి మీదేగా."

"పదిమంది ఫోటోలు కలిపి చూపించాలని తెలీదా నీకు? ఒక్కటే చూపించి 'వీడేనా' అంటే, లేనివాడు కూడా కళ్ళముందుకొస్తాడు!"

"తెలుసు వదినా, తెలుసు. తొందరలో..." అతని ముఖం పాలిపోయింది. ఇంట్లో తిట్లు తినే మరిదిలా కాదు, తప్పు చేసిన పోలీసులా నిలబడ్డాడు. "ఆ కుడిభుజం గారే ఫోను చేశాడు. సార్ నీరసంగా ఉన్నారు, నాలుగైదు ముఖాలు చూపించి గందరగోళం చేయకండి, ఒక్కటి చాలు, జ్ఞాపకం దానంతటదే వస్తుందని చెప్పాడు. ఫోటో కూడా ఆయనే పంపాడు. ఇదే లైన్లో ఉన్నవాడు కదా, తెలిసి చెబుతున్నాడనుకున్నాను."

"తెలిసే చెప్పాడు" అన్నాడు ప్రొఫెసర్.

ఆ మాట అన్న తీరుకి ముగ్గురూ ఆయన వైపు తిరిగారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"ఒక్క ఫోటోతో లేని జ్ఞాపకాన్ని ఎలా నాటొచ్చో తేల్చింది అతనే. నా దగ్గరే ఆ ప్రయోగం చేశాడు. ఆ పని మీదే అతనికి డాక్టరేట్ ఇచ్చాను."

డిటెక్టివ్ గొంతు తగ్గించింది. ఇప్పుడు కూడా ఎవరని అడగలేదు.

"బీరువా దగ్గర నిలబడ్డారు. వాచీ కొట్టుకుంటోంది. ఇంకేమైనా వినబడిందా?"

"ఒక మాట. వెనకనుంచి. మెత్తగా." ప్రొఫెసర్ ఆ మాటని అదే మెత్తదనంతో పలికాడు. "'పోయినవాళ్ళేగా సార్, ఎవరికి నష్టం?'"

"ఎవరు పోయారు?"

"ఇప్పుడన్నీ గుర్తొస్తున్నాయి. మా అరవైమందిలో కొందరు. వాళ్ళు పోయిన సంగతి దాచిపెట్టి, వాళ్ళు ఇంకా వచ్చి కథ చెబుతున్నట్టు తనే రాసేశాడు. మనిషి ముసలితనంలో ఎలా క్షమిస్తాడో నేను గొప్పగా రాసుకున్న అధ్యాయం ఉందే, అందులో సగంమంది అప్పటికే లేరు! టేపులు తీసి చూపించమన్నాను. లేవని తెలిసీ నేనే వెతకడం మొదలుపెట్టాను. ఇరవై రెండేళ్ళు నా పక్కనున్నాడు. నేను వీపు తిప్పి నిలబడ్డాను. నా కొడుక్కైనా అంత నమ్మకంగా వీపు చూపించేవాణ్ణి కాదు."

"మీకు ఆ సంగతి ఎలా తెలిసింది?"

"బాబాయ్ వల్లే. ఒకాయన్ని మళ్ళీ కలుద్దామని ఇంటికి వెళ్ళాడు. ఆయన పోయి ఎనిమిదేళ్ళయిందని భార్య చెప్పిందట. ఇదేదో పొరపాటు అనుకున్నాడు పాపం, అమాయకుడు. ముందు కుడిభుజానికే చెప్పాడు, సరిచేస్తాడని. తర్వాత మాటల్లో నా దగ్గర అన్నాడు." ప్రొఫెసర్ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "నేను పోతే, ఇక ఆ సంగతి తెలిసినవాడు వాడొక్కడే. నా బాబాయ్‌ని పిలవండమ్మా. కాళ్ళయినా పట్టుకుంటాను. ఎక్కడున్నాడు?"

డిటెక్టివ్ చెయ్యి విడిపించుకుని లేచింది. ఆయనతో వెళ్ళనివ్వు అన్నది తనే. ఇంత మర్యాదైనా మిగలనీ అన్నది తనే.

ఆమె ఫోను తీసి బాబాయ్ నంబరు నొక్కింది. ఇన్‌స్పెక్టర్ జేబులోంచి ఒక పాత పాట మోగింది. సాక్ష్యం కింద తీసుకున్న బాబాయ్ ఫోను అతని దగ్గరే ఉంది.

"మా స్టేషనుకి చేస్తాను" అంటూ ఇన్‌స్పెక్టర్ తన ఫోను అందుకున్నాడు. రెండు మాటలు విని ఆమె వైపు చూశాడు. "ఐదు దాటినా అక్కడికి రాలేదు. దారి పది నిమిషాలే. వాళ్ళు బయల్దేరి గంట దాటింది."

డిటెక్టివ్ కుడిభుజం నంబరు నొక్కింది. మరిదికీ వినబడేట్టు స్పీకరు పెట్టింది. మూడో మోతకి అవతలినుంచి మెత్తటి గొంతు పలికింది. వెనకాల బండి చప్పుడుగాని, రోడ్డు చప్పుడుగాని లేదు.

"చెప్పండి మేడమ్. వచ్చేస్తున్నాం, కాస్త ఆలస్యమవుతుంది."

"బాబాయ్‌కి ఒకసారి ఫోనివ్వండి."

"అయ్యో, ఇప్పుడెలా లేపను? నిద్రపట్టక ఎన్నాళ్ళయిందో! ఆ పోయినాయన ఇంటికి వెళ్ళిన రోజు గురించి మొదటినుంచీ చెప్పమన్నాను. చెబుతూ చెబుతూ నిద్రపోయాడు." ఆ గొంతు ఒక్క క్షణం ఆగింది. "లేచాక ఏమీ గుర్తుండదులెండి."